పాట మధ్యలో ఫోను

మిరప కోతల సీజను. మార్టూరు దాటి గుంటూరు యార్డు వైపు ఓ ట్రాలీ బండి పోతోందనుకోండి. వెనక టిక్కీలు కిక్కిరిసి ఉన్నాయి. బండీ రైతుదే, సరుకూ రైతుదే, స్టీరింగు ముందు కూర్చున్నదీ రైతే. డెక్కులో ఇళయరాజా పాట. చరణం మంచి పట్టు మీదుండగా ఠక్కున ఆగిపోయింది. ఆ వెంటనే ఫోను మోత. తర్వాత అవే స్పీకర్లలోంచి ఓ గొంతు...

"మావా, తేజా నిన్నటి మీద తగ్గిందంట. ఇయ్యాల కాటా పెట్టిస్తావా, కోల్డు స్టోరేజీలో దించుతావా?"

"ఎంత తగ్గిందంట అల్లుడూ?"

అలా ఓ రెండు నిమిషాల మాట. అది అయిపోగానే చరణం ఎక్కడ తెగిందో అక్కణ్నుంచే మళ్లీ మొదలు. మధ్యలో ఏమీ జరగనట్టే!

మార్టూరు ఉన్న తావు అలాంటిది. 2022లో జిల్లాలు మారినప్పుడు ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిందిగానీ, ఊరి బతుకంతా ముందునుంచీ ఆ చెన్నై-కోల్‌కతా రోడ్డు మీదే. దాన్ని 2010లో పదహారో నెంబరు చేశారు. పాతవాళ్లు ఇప్పటికీ ఐదో నెంబరు రోడ్డనే అంటారు. గ్రానైటు బండలతో లారీలు, మిల్లులకు పత్తి, యార్డుకు మిర్చి, మధ్యలో ట్రాక్టర్లు, పెళ్లి కార్లు... అన్నీ దాని మీదే. ఇప్పుడు వాటిల్లో చాలావాటికి పాటకీ ఫోనుకీ కలిపి ఒకటే సెట్టు. బండిని బట్టి దాని పేరు డెక్కో, స్టీరియోనో, టచ్ స్క్రీనో... పని మాత్రం ఒకటే. పాట వినిపిస్తుంది, ఫోనొస్తే పాటను ఆపి మాట వినిపిస్తుంది, మీ మాటను అవతలికి పంపిస్తుంది.

వినడానికి చిన్న సంగతే. కానీ ఈ రెండు పనుల్నీ ఒక్క సెట్టు చేత చేయించడం వెనక బోలెడు కథ ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ రెండూ ఒకే స్పీకర్లోంచి వస్తున్నాయి కాబట్టి రెండూ ఒకటేననుకునే పొరపాటూ ఉంది. ఆ పొరపాటు ఖరీదు ఒక్కోసారి చాలా ఎక్కువ.

* * *

పాటా మాటా ఒకే సెట్టులో అంటే మనకేమీ కొత్త కాదు. మన ఊళ్లలో ఆ పని దశాబ్దాల కిందటే చేసినవాడు మైకుసెట్టాయన. పెళ్లికో, తిరునాళ్లకో వేపచెట్టుకు రెండు హారన్లు కట్టి, పందిట్లో ఆంప్లిఫయరు పెట్టుకుని కూర్చునేవాడు. దాని ముందు భాగాన వరసగా తిప్పుడు మీటలు. ఒకటి రికార్డుకు, ఒకటి మైకుకు. ఘంటసాల పాట సాగుతుంటుంది. ఇంతలో పెద్దాయనెవరో వచ్చి చెవిలో ఏదో చెబుతాడు. మైకుసెట్టాయన ఎడమచేత్తో పాట మీటను తగ్గించి, కుడిచేత్తో మైకు పట్టుకుని, "మగపెళ్లివారు భోజనాలకు రావలసిందిగా..." అనేసి, మళ్లీ పాటను పెంచేవాడు. మైకు పొరపాటున హారను ఎదురుగా వెళ్లిందా, ఊరంతా దద్దరిల్లేలా కుయ్యిమని కూత!

కారు స్టీరియో ఈ రోజు చేస్తున్నది సరిగ్గా ఆ మైకుసెట్టాయన ఉద్యోగమే. పాట తగ్గించడం, మాటకు దారివ్వడం, మళ్లీ పాట పెంచడం, మధ్యలో కూత రాకుండా చూడటం. కాకపోతే మనిషి లేడు. ఆ నిర్ణయాలన్నీ చిప్పు తీసుకుంటోంది.

జేబులో పట్టే యంత్రాల్లో ఈ ఆలోచన చేసింది సోనీ. 1979లో వచ్చిన మొట్టమొదటి వాక్‌మన్‌కి రెండు ఇయర్‌ఫోను రంధ్రాలుండేవి. పైన 'హాట్‌లైన్' అని ఓ నారింజరంగు మీట. అది నొక్కితే పాట సన్నగిల్లి, లోపలున్న చిన్న మైకు పనిచేసేది. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చన్నమాట. పక్కన మనిషిని పెట్టుకుని ఒక్కరే పాట వింటూ కూర్చోవడం మర్యాద కాదని సోనీ పెద్దాయన అకియో మొరిటా భావించాడట. జనం మాత్రం ఒక్కరే వినడానికే ఇష్టపడ్డారు. తర్వాతి మోడళ్లలో ఆ మీట మాయమైంది. మొరిటా గారు మన బస్సులో ఓసారి ప్రయాణం చేసి ఉంటే ఎవరి ఇయర్‌ఫోన్లు వారివేననే సంగతి ముందే తెలిసేదేమో!

కార్లలోకి పాట ఇంకా ముందే వచ్చింది. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ కారు రేడియోకి 'మోటరోలా' అని పేరుపెట్టింది. మోటారు బండికి, ఆరోజుల్లో పాటలపెట్టెల పేర్ల చివర కనిపించే 'ఓలా' తోక తగిలించారు. తర్వాత ఆ కంపెనీయే అసలు సెల్‌ఫోన్లు తయారుచేసి పేరు తెచ్చుకుంది. అంటే పాటా, ఫోనూ ఒకే గూటి పక్షులే. కానీ కార్లో మాత్రం చాలాకాలం ఎడమొహం పెడమొహంగా ఉండిపోయాయి.

మన దేశంలో తొలి సెల్‌ఫోను మాట 1995 జులై 31న. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆ తర్వాత పదేళ్లలో సెల్లు లారీ క్యాబిన్లలోకి, అంబాసిడర్లలోకి వచ్చేసింది. అప్పట్లో డ్రైవరు అవస్థ గుర్తుందా? ఫోను మోగగానే ముందు క్యాసెట్టు ఆపాలి. అద్దం ఎక్కించాలి. ఫోను తియ్యాలి. చెవికీ భుజానికీ మధ్య ఇరికించాలి. ఆ మెడ వంకరతోనే గేరు మార్చాలి. దేవుడు మూడో చెయ్యి ఎందుకివ్వలేదా అనిపించే క్షణం అది.

ఆ మూడో చెయ్యే బ్లూటూత్.

* * *

స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీ 1994లో దీనిమీద పని మొదలెట్టింది. ఫోనుకీ, చుట్టుపక్కల ఉన్న పరికరాలకీ మధ్య తీగల బెడద లేకుండా చెయ్యాలన్నది ఉద్దేశం. 1998లో ఎరిక్‌సన్‌తోపాటు నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా ఓ సంఘంగా ఏర్పడ్డాయి. పేరేమో పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. తెగల్ని కలిపిన రాజు కాబట్టి పరికరాల్ని కలిపే విద్యకు ఆయన పేరు. అంతేగానీ నీలిపన్నుకీ ఫోనుకీ ఏ సంబంధమూ లేదు.

ఈ బ్లూటూత్‌లో పాటకొక దారి, ఫోను మాటకొక దారి. రెండూ గాలిలోనే పోతున్నా పద్ధతులు వేరు. పాట దారి పేరు ఏ2డీపీ, మాట దారి పేరు హెచ్ఎఫ్‌పీ. ఈ పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు. తేడా మాత్రం గుర్తుంచుకోవాలి.

మిరపకాయలు, పాలు... ఈ రెండింటి రవాణా ఒకలాగే ఉంటుందా? మిరపకాయలు ఓ పూట ఆలస్యంగా చేరినా మిరపకాయలే. దారిలో కాసేపు ఆపుకోవచ్చు, గోడౌన్లో నిలవ పెట్టుకోవచ్చు. పాలు అలా కాదు. కొంచెమే అయినా సరే, వేళకు చేరాలి. పాట మిరపకాయ లాంటిది. ఫోను నుంచి డెక్కుకి ఒకవైపే పోతుంది. డెక్కు ముందుగానే కాస్త తెచ్చుకుని నిలవ చేసుకుని, నిదానంగా వాయిస్తుంది. అందుకే ఎడమ స్పీకరుకు వేరు, కుడి స్పీకరుకు వేరుగా నిండైన శబ్దం వస్తుంది. ఫోను మాట పాల లాంటిది. అటూ ఇటూ రెండువైపులా పోవాలి, అదీ అప్పటికప్పుడే. అర సెకను ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలెడతారు. కాబట్టి నాణ్యత తగ్గించైనా వేగంగా పంపిస్తుంది.

ఎంత తగ్గిస్తుందంటే... సీడీలో పాట శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి నమోదు చేస్తారు. పాతరకం బ్లూటూత్ కాల్లో ఆ కొలత సెకనుకు 8,000 సార్లే. తర్వాత వచ్చిన మెరుగైన పద్ధతిలో 16,000. అందుకే అంత ఖరీదైన స్పీకర్లలో కూడా బావగారి గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. చాలామంది డెక్కు పాడైందనుకుని షాపుకి తీసుకెళతారు. డెక్కు తప్పేం లేదండీ, దారే ఇరుకు!

ఇక కూత సంగతి. అవతలివారి మాట మీ బండిలో నాలుగు స్పీకర్లలో మోగుతుంది. అది మళ్లీ మీ మైకులో పడి అవతలికి వెళ్లిపోతే, వాళ్ల మాట వాళ్లకే వినిపిస్తుంది. 'ఏంటోయ్, నా గొంతు నాకే వినపడతంది' అనేది అందుకే. దీన్ని ఆపడానికి సెట్టు ఓ చిన్న లెక్క చేస్తుంది. స్పీకర్లకు తాను ఏం పంపిందో దానికి తెలుసు కదా... మైకులోకి వచ్చినదాంట్లోంచి దాన్ని తీసేస్తుంది. మిగిలిందే మీ మాట. ఏసీ కార్లో అద్దాలు మూసుకుంటే ఈ తీసివేత చక్కగా కుదురుతుంది. అద్దాలు దించుకుని వెళ్లే ట్రాలీ బండిలో గాలి హోరు, ఇంజను మోత, పక్క లారీ హారను అన్నీ కలిసి లెక్క తప్పిస్తాయి. అప్పుడు మనవాళ్లు చేసేది ఒకటే... గొంతు పెంచి అరవడం. దానివల్ల లెక్క ఇంకా తప్పుతుంది తప్ప లాభం లేదు.

నిజానికి సగం తంటా మైకు దగ్గరే ఉంటుంది. కొన్ని డెక్కుల్లో మైకు ముందు పలకలోనే, పిన్నుపట్టేంత రంధ్రం వెనక ఉంటుంది. కొన్నిటికి వైరుతో విడిగా ఇస్తారు. విడి మైకు ఇచ్చే రకమే మేలు. దాన్ని స్టీరింగు పైభాగాన, అద్దం పక్క స్తంభానికో, ఎండ తగలకుండా దించుకునే పలక దగ్గరో, నోటికి ఎదురుగా బిగించమనండి. ఏసీ గాలి కొట్టేచోట వద్దు, తలుపు స్పీకరు పక్కన అసలే వద్దు. బిగించేవాళ్లు పని తొందరలో వైరు చుట్ట చుట్టి డెక్కు వెనకే పడేస్తుంటారు. అడిగి చేయించుకోవాల్సింది మనమే.

పాత బండికి కొత్త డెక్కు ఎందుకు అనుకునేవారికి చవక దారులూ ఉన్నాయి. ఆక్స్ రంధ్రం ఉంటే వైరు పెట్టుకోవచ్చు. పాటకు బ్రహ్మాండం. ఫోనొచ్చినప్పుడు అవతలి మాట స్పీకర్లలో వస్తుంది, కానీ మీ మాట మాత్రం ఫోను సొంత మైకు ద్వారానే పోవాలి. ఫోనేమో చొక్కా జేబులోనో, సీటు కిందో ఉంటుంది. ఇంకొకటి, సిగరెట్టు లైటరు రంధ్రంలో పెట్టే బుల్లి ఎఫ్ఎం పరికరం. అది ఫోను నుంచి బ్లూటూత్ ద్వారా అందుకుని, చిన్నపాటి రేడియో స్టేషనులా ప్రసారం చేస్తుంది. మీ బండిలో పాత రేడియో దాన్ని పట్టుకుంటుంది. మైకు దాంట్లోనే ఉంటుంది. చిక్కల్లా, మీరు పెట్టుకున్న నెంబరులోనే దారిలో ఏదో ఊరి స్టేషను తగిలితే ఫోనులో తోడల్లుడు, రేడియోలో వ్యవసాయ కార్యక్రమం కలగలిసిపోతాయి. ఖాళీ నెంబరు వెతికి పెట్టుకోవాలి.

* * *

ఒకసారి జత కుదిరితే ఫోనూ, బండీ ఒకదాన్నొకటి మర్చిపోవు. తాళం తిప్పగానే వాటంతటవే కలిసిపోతాయి. ఈ సౌకర్యంలోనే అసలు తమాషాలన్నీ ఉన్నాయి.

ఆయన వాకిట్లో కారు స్టార్టు చేసి ఏసీ వేశాడు. ఆవిడ ఇంట్లో ఇంకా తాళాలు వెతుకుతోంది. ఆవిడ ఫోను మోగింది. ఎత్తి 'హలో... హలో' అంటుంది, ఏమీ వినపడదు. బయట కారు మాత్రం, 'వదినా, బయల్దేరారా? ఆ పట్టుచీర కట్టుకుంటానంటున్నావా మా అమ్మ ఎదుట?' అని వీధికంతా వినపడేలా అడుగుతుంది. ఆవిడ ఫోను కూడా కారుతో జతైందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తురాదు.

చాలా సెట్లు పాటలకు ఒక ఫోనును, కాల్స్‌కు ఒకటి రెండు ఫోన్లను ఒకేసారి పట్టుకోగలవు. అంటే పాట పిల్లాడి ఫోనులోంచి, ఫోను నాన్న ఫోనులోంచి. పాట ఆగగానే వెనక సీట్లోంచి గోల!

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఈ సెట్టుకి చెవిలో రహస్యంగా చెప్పడం తెలియదు. సంబంధం మాట్లాడటానికి వెళుతున్న కార్లో వియ్యాలవారు కూర్చుని ఉండగా, మధ్యవర్తి ఫోను చేసి కట్నకానుకల సంగతి ఎత్తితే? అప్పిచ్చినాయన ఫోను చేస్తే? ఆస్పత్రి నుంచి రిపోర్టు సంగతి చెప్పడానికి చేస్తే? చేసినవాళ్లకి తెలియదు, తమ మాట నాలుగు స్పీకర్లలో ఆరుగురు వింటున్నారని. మాట కన్నా ముందు పేరు వస్తుంది, అదీ తెర మీద పెద్ద అక్షరాల్లో. ఫోనులో ముద్దుగానో కచ్చగానో ఏ పేరుతో రాసుకున్నామో ఆ పేరే!

అందుకని ఫోనెత్తగానే తొలి మాటగా, 'బండిలో ఉన్నా, అత్తయ్యావాళ్లూ ఉన్నారు, స్పీకర్లో ఉంది' అనేస్తే అవతలివారు సర్దుకుంటారు. ఇంకో సంగతి... జత చేసేటప్పుడు 'కాంటాక్టులు పంచుకోవచ్చా?' అని సెట్టు అడిగితే మనం చూసుకోకుండా సరేనంటాం. దాంతో ఫోనులోని పేర్లూ నెంబర్లూ బండిలోకి చేరతాయి. కొన్ని సెట్లలో అవి అలా ఉండిపోతాయి కూడా. అద్దె కారు దిగేటప్పుడు, పాత కారు అమ్మేటప్పుడు తాళంచెవి ఇచ్చేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ జతను తొలగించడం మర్చిపోవద్దు. సీటు కింద చిల్లర వెతుక్కుంటాం కానీ ఈ సంగతి ఎవరికీ తట్టదు.

* * *

ఇప్పుడు అసలు విషయం. రోడ్డు.

'చేతులు ఖాళీగా ఉన్నాయి కదా, ఇంక భయమేముంది?' అన్నది అందరి మాట. చట్టం కూడా దాదాపు అదే అంటోంది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షనును 2019లో సవరించినప్పుడు, నడుపుతూ చేత్తో ఫోను వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. తొలిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. 2020లో నిబంధనలు మార్చి, దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకోవచ్చన్నారు, అదీ ధ్యాస చెడకుండా. గమనించారా? సెక్షనులో ఉన్న మాట చేత్తో పట్టుకునే ఫోను గురించి. చట్టం చేతిని చూడగలదు. బుర్రను ఎలా చూస్తుంది?

బుర్రను చూసే పని పరిశోధకులు చేశారు. కెనడాలోని టొరంటోలో రెడెల్‌మయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు, ప్రమాదాలు జరిగిన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లుల్ని ప్రమాద సమయాలతో సరిచూశారు. 1997లో ప్రచురించారు. ఫోను మాట్లాడే వేళలో ప్రమాదానికి అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఉందని తేలింది. చేత్తో పట్టుకున్నవారికన్నా చేతులు ఖాళీగా ఉన్నవారు భద్రంగా ఉన్నారన్న దాఖలా మాత్రం కనిపించలేదు.

దీనికన్నా మన విషయానికి దగ్గరగా ఉన్నది 2001లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ నుంచి వచ్చింది. డేవిడ్ స్ట్రేయర్, విలియం జాన్‌స్టన్ కొందర్ని తెర ముందు కూర్చోబెట్టి, కదిలే గురిని వెంబడించమన్నారు. మధ్యలో ఎర్రలైటు వెలిగితే వెంటనే మీట నొక్కాలి. కొందరిని ఆ పని చేస్తూ రేడియో వినమన్నారు. కొందరిని ఫోనులో మాట్లాడమన్నారు, కొందరు చేత్తో పట్టుకుని, కొందరు హ్యాండ్స్ ఫ్రీగా. రేడియో విన్నవారికి తేడా ఏమీ రాలేదు. ఫోనులో మాట్లాడినవారు ఎర్రలైటును గమనించకపోవడం రెట్టింపు పైనే పెరిగింది. చేతిలో ఫోను ఉన్నవారూ, లేనివారూ ఇద్దరూ ఒకలాగే!

పాట మన నుంచి జవాబు అడగదు. ముందు లారీ బ్రేకు వేసిందనుకోండి, మీకు తెలియకుండానే చెవి పాటను వదిలేస్తుంది. ఆ రెండు వాక్యాలు వినకపోతే ఘంటసాల నొచ్చుకోడు. ఫోను అలా కాదు. 'ఇయ్యాల అమ్ముతావా, ఆగుతావా?' అంటుంది. నిన్నటి ధరెంత, కోల్డు స్టోరేజీ అద్దె ఎంత, ఎరువుల కొట్టు బాకీ ఎంత, పిల్ల ఫీజు ఎప్పుడు... ఒక్క ప్రశ్న వెనక ఇన్ని లెక్కలు. ఏడాది కష్టం ఎంతకు పోవాలో తేల్చే లెక్క అది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. ఎదుటివాళ్లు చూసినా 'జాగ్రత్తగానే నడుపుతున్నాడు' అంటారు. కానీ ఆ కళ్ల వెనక ఉన్న మనిషి యార్డులో ఉన్నాడు.

గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు లెక్కల్లో పడితే 66 మీటర్ల రోడ్డు మన లెక్కలో లేకుండా వెనక్కి పోయినట్టే. అదీ ఎలాంటి రోడ్డు? అవతలి వంతెన దాకా పోవడం దండగని రాంగ్‌రూట్లో ఎదురొచ్చే మోటారు సైకిళ్లు, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, పక్కకు ఒరిగి ఆగిన లారీలు, డివైడరు సందులోంచి అడుగుపెట్టే గేదెలు. 2022లో దేశం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. సగటున మూడు నిమిషాలకొకరు. అందులో ఎన్నిటికి ఫోను కారణమో కచ్చితంగా తేల్చడం కష్టం. తాగితే వాసన వస్తుంది, బ్రేకు ఫెయిలైతే మెకానిక్కు చెబుతాడు. మాటల్లో పడిన ధ్యాస నుజ్జయిన బండిలో ఎక్కడా కనపడదు.

'మరి పక్కసీట్లో వాళ్లతో మాట్లాడమా?' అని మా ఆఫీసులో ఒకాయన అడ్డుతగిలాడు. మంచి ప్రశ్నే. దీన్నీ యూటా వాళ్లు పరీక్షించి 2008లో చెప్పారు. నకిలీ డ్రైవింగ్ యంత్రంలో, పక్కన స్నేహితుడితో మాట్లాడుతూ నడిపినవారు ఎక్కువగా తాము దిగాల్సిన మలుపును సరిగ్గానే పట్టుకున్నారు. ఫోనులో మాట్లాడినవారిలో చాలామంది దాన్ని దాటిపోయారు. తేడా ఎక్కడంటే, పక్కనున్న మనిషికీ రోడ్డు కనిపిస్తుంది. ఇరుకు రాగానే నోరు మూస్తాడు, 'అదుగో ట్రాక్టరు' అంటాడు, అవసరమైతే మన కన్నా ముందు తనే బ్రేకు తొక్కుతాడు, లేని బ్రేకుని! ఫోనులో ఉన్నవారికి ఆ ట్రాక్టరు కనిపించదు. మన మౌనం కూడా వాళ్లకి, 'ఏంది పలకవు?' అనిపిస్తుంది.

పాట మరీ పుణ్యాత్మురాలని కాదు. ట్రాక్టర్లలో సీటు వెనక పెద్ద పెద్ద బాక్సులు పెట్టి మోగించేవాళ్లకి వెనక బస్సు హారను ఎలా వినపడుతుంది? పాట నచ్చలేదని తెర మీద వెతుక్కుంటూ పోయేవాళ్లు ఫోనువాళ్లకేమీ తీసిపోరు. హెల్మెట్లో రెండు చెవులకీ ఇయర్‌ఫోన్లు కుక్కుకునే కుర్రాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ మామూలు ధ్వనిలో పాట వేరు, బేరం వేరు. సెట్టు ఒకటే అయినంత మాత్రాన రెంటికీ ఒకే విలువ కట్టకూడదు.

తమాషా ఏమిటంటే, ఈ రెంటినీ విడదీసే మీట మన ఫోనులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ సెట్టింగ్స్‌కి వెళ్లి, మీ బండి పేరు పక్కనున్న చక్రం గుర్తును నొక్కండి. సాధారణంగా 'ఫోన్ కాల్స్', 'మీడియా ఆడియో' అని రెండు మీటలు కనిపిస్తాయి. మాట దారీ, పాట దారీ అని చెప్పుకున్నామే, అవే. మొదటిదాన్ని ఆపేస్తే కాల్స్ ఇక బండి స్పీకర్లలోకి రావు. పాట మాత్రం వస్తుంది. ఫోను మోగితే పాట ఎలాగూ కాసేపు ఆగుతుంది కానీ, మోత జేబులోనే. పక్కనున్నవారి చేతికిస్తే సరి. ఐఫోన్లలో ఇలాంటి మీట లేదుగానీ, 2021 నుంచి 'డ్రైవింగ్ ఫోకస్' అని ఒకటుంది. బండి నడుస్తుండగా మెసేజ్‌లను పక్కన పెట్టి, అవి పెట్టినవారికి 'డ్రైవింగ్‌లో ఉన్నాను' అని తనే జవాబిస్తుంది.

ఇలాగైతే పనులెలా అవుతాయన్న ప్రశ్న న్యాయమైనదే. బండి మీద బతికేవాడికి ఫోనెత్తకపోతే కిరాయి పోతుంది, రైతుకు ధర పోతుంది. 'వస్తున్నా', 'చేరాను', 'టోలుగేటు దాటాను' లాంటి ముక్కకు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఈ సెట్టు చేసే మేలు తీసిపారేయలేం. చెవికీ భుజానికీ మధ్య ఇరికించడం కన్నా ఎంతో నయం. బేరం, తగాదా, అప్పు, ఆస్పత్రి... ఈ నాలుగింటికి మాత్రం బండి ఆపాలి. ఆపడమంటే రోడ్డు అంచున కాదు సుమండీ, అది ఇంకా ప్రమాదం. పెట్రోలు బంకులోకో, టీకొట్టు ఆవరణలోకో తిప్పేయాలి. యార్డులో ధర మీరు టీ తాగేలోపు మరీ పాతాళానికేం పోదు.

ఇందులో సగం పని బండిలో లేనివాళ్లదే. ఇంట్లో కూర్చుని ఫోను చేసేది మనమే కదా. మూడుసార్లు మోగి ఎత్తకపోతే నాలుగోసారి చేసేదీ మనమే. మన ఫోను మాటలు ఎలాగూ 'ఎక్కడున్నావ్?' అనే మొదలవుతాయి. జవాబు విన్నాక మనం ఏం చేస్తున్నామన్నదే చూసుకోవాలి.

"ఎక్కడున్నావ్ తమ్ముడూ?"

"బండి తోలతన్నా అక్కా, మార్టూరు దాటా. చెప్పు, పర్లేదు, స్పీకర్లో ఉంది."

"ఏం లేదులే. ఆగినాక చెయ్యి."